లక్క ప్లేటు మీద నిలిచిన పాట

బడిపిల్లలు మొదలుకొని సభాధ్యక్షుల వరకు లేచి నిలిచి పాడుకొను ‘మా తెలుగు తల్లికి’ పాట నెరుగని తెలుగువారు అరుదు. ఐనను ఆ పాట లోకములోనికి వచ్చిన త్రోవ సభలది కాదు, బడులదియు కాదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఒక గ్రామఫోను ప్లేటు దానికి తొలి ఇల్లు. ఆ ప్లేటులో వినవచ్చు గొంతు రాజమహేంద్రవరమున పుట్టిన టంగుటూరి సూర్యకుమారిది. పాట ఇంటింట నున్నది. ఆ తొలి ప్లేటు మాత్రము నేడు వెదకి పట్టుకొనవలసిన వస్తువైనది.

పాట రచించిన శంకరంబాడి సుందరాచారి తిరుపతివారు. 1914లో జన్మించినారు. 1942లో వెలువడిన ‘దీనబంధు’ చిత్రము కొరకు దీనిని వ్రాసినారు. అందులో ప్రధాన పాత్రధారి చిత్తూరు నాగయ్య. పాట మాత్రము చిత్రములోనికి ఎక్కలేదు. అట్లు చోటు దొరకని పాటలకు పట్టు గతి మన మెరిగినదే. కాగితము మీద కొన్నాళ్లుండి కాగితముతోనే పోవును. దీనికి ఆ గతి తప్పినది. సూర్యకుమారి పాడగా రికార్డయినది. తెర మీద చోటు దొరకని పాట సూది మొన మీద బ్రతికినది. అచ్చుపుస్తకము పదములను నిలుపగలదు గాని వరుసను నిలుపలేదు. ఒకరినొకరు చూడని ఊళ్లవారు ఒకే వరుసలో పాడుకొనుటకు వీలు కల్పించినది రికార్డే. పాటలో గోదావరి పారును, కృష్ణ పారును. అమరావతి శిల్పములు, త్యాగయ్య గొంతు, తిక్కన కలము, రుద్రమ్మ శౌర్యము అన్నియు కలవు. ఇన్నిటిని మూడు నిమిషములకు కొంచెము పైగా పట్టు పళ్లెములో ఇమిడ్చినారన్నది తలచుకొన్నప్పుడెల్ల నాకు వింతగానే తోచును.

సూర్యకుమారి 1925లో జన్మించినది. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారి సోదరుని కుమార్తె. పండ్రెండేండ్ల ప్రాయముననే 1937 నాటి ‘విప్రనారాయణ’లో కనబడినది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’లోను నటించినది. 1943లో ‘కృష్ణప్రేమ’లో నారదుని వేషము కూడ కట్టినది! 1961లో న్యూయార్కు రంగస్థలము మీద రవీంద్రుని నాటకమున రాణి పాత్ర ధరించి మెప్పు పొందినది. 1965 నుండి లండనులో స్థిరపడి, 2005లో అక్కడనే కన్నుమూసినది. అన్ని దేశములు తిరిగిన ఆ గొంతును మన పల్లెలకు చేర్చినది మాత్రము ఆ నల్లని పళ్లెమే.

ఆ పళ్లెము దేనితో చేసెడివారో కొంచెము చెప్పవలెను. దానికి మూలము లక్క. చెట్ల కొమ్మల మీద చిన్న పురుగు కూర్చునది. దానిలో రాతిపొడి, నల్లరంగు కలిపి వేడిచేసి, లోహపు అచ్చుల నడుమ ఒత్తెడివారు. మన దేశమున పుట్టిన లక్కయే ప్రపంచమునకు పెద్ద ఆధారము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున లక్కకు కరవు రాగా, కొన్ని దేశములలో పాత ప్లేట్లను తిరిగి యిచ్చినగాని క్రొత్తవి అమ్మని స్థితి ఏర్పడినది. పాత పాట కరగి క్రొత్త పాట అగుచుండెను.

అచ్చు క్రొత్తగా నున్నప్పుడు తీసిన ప్లేటులో గాడులు పదునుగా నుండును. పలుమారు వాడిన అచ్చునుండి తీసినదానిలో ఆ పదును తగ్గును. సేకర్తలు తొలి ముద్రణ కొరకు ప్రాకులాడుట వట్టి మోజు కాదనుటకు ఇది ఒక కారణము. ఈ తపన మనకే పరిమితము కాదు. అమెరికాలో మిస్సిసిపీ డెల్టా అను పత్తి భూములున్నవి. అక్కడి కూలివాని పాటను 1941లో అలన్ లోమాక్సు అను పరిశోధకుడు రికార్డు చేసినాడు. అతడే మడ్డీ వాటర్సు. 1943లో చికాగో చేరి, కరెంటు గిటారు పట్టి, బ్లూసు అను గానరీతికి క్రొత్త ఊపిరి పోసినాడు. 1958లో చెస్ సంస్థ వెలువరించిన అతని ఆల్బము తొలి ముద్రణ కొరకు నేటికిని పెద్ద మొత్తములు చెల్లించువారున్నారు. వారి డెల్టా పాటకు అంత గిరాకి యున్నది. మన డెల్టా గొంతు ఉన్న ప్లేటు ఎవరి అటక మీద నున్నదో!

అవి ఏమైనవని అడిగినచో జవాబు సులభమే. లక్క ప్లేటు చేయి జారిన ముక్కలగును. ప్రతి ముఖమునకు ఉక్కుసూది మార్చవలెను. పొదుపునకు పోయి అరగిన సూదితోనే పాడించినచో గాడి చెడును. ఎండ తగిలిన ఒంగును. డెల్టా గాలిలో తేమ ఎక్కువ. పై సంచి బూజు పట్టును. 1953లోను, 1986లోను గోదావరి పొంగి ఇండ్లలోనికి వచ్చినప్పుడు పెట్టెల అడుగున నున్న ప్లేట్లను తలచుకొను తీరిక ఎవరికుండును? లక్కకు నీటి వలన అంత హాని లేదు గాని, నడుమ అతికించిన కాగితపు చీటీ ఊడిపోవును. దానితో గాయని పేరును పాట పేరును పోవును. తరువాత ఎల్.పి.లు, క్యాసెట్లు వచ్చినవి. పాతవి పాత సామానువానికి పోయినవి. మద్రాసున వి.ఎ.కె. రంగారావు వంటి ఒకరిద్దరు పట్టుబట్టి వేలకొలది ప్లేట్లు కూర్చకున్నచో ఈ చరిత్రలో సగము మనకు తెలియకయే పోయెడిది.

1975లో హైదరాబాదున తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినవి. అప్పటికి ఈ పాట రాష్ట్ర గీతపు గౌరవమునకు చేరినది. సుందరాచారి 1977లో గతించినారు. పాట వేల గొంతుల పాలయినది, అది మంచిదే. ఐనను వేల గొంతులు విన్న పిమ్మట తొలి గొంతును వినగోరుట తప్పు కాదు. అంతర్జాలమున దొరకు ప్రతులలో గీతల చప్పుడు తుడిచివేయుటలో ఒక్కొక్కప్పుడు గొంతులోని గరగర కూడ తుడిచిపెట్టుకొని పోవును.

ఇట్టి ప్లేటు ఎవరి యింటనైన కనబడినచో పాత సూదితో పాడించి చూడవలదు. ఒకదాని మీద నొకటి పేర్చక, నిలువుగా ఆనించి ఉంచవలెను. చీటీ లేకున్నను పారవేయవలదు. నడుమ నున్న నునుపైన భాగమున లక్కలోనే ఒత్తిన చిన్న అంకె యొకటి యుండును. దీపపు వెలుగున ప్లేటును ఏటవాలుగా పట్టి చూచిన అది కనబడును. ఆ అంకెను ముందు ఒక కాగితము మీద వ్రాసికొనవలెను.