ఖరగ్‌పూర్ తెలుగు పాఠకుడికి బెంగాలీ కామిక్స్: బాంటుల్ నుంచి బార్న్ ఔల్ దాకా

ఖరగ్‌పూర్ బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే పెంచిన ఊరు. 1887లో ఏర్పడిన ఆ కంపెనీ లైను వాల్తేరు దాకా సాగింది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి రైల్వే పనుల్లో చేరిన కుటుంబాల వారసులు ఇప్పటికీ ఇక్కడున్నారు. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, బెంగాలీ. బెంగాలీ మాట్లాడగలిగినా లిపి దగ్గర తడబడేవాళ్లకు కామిక్స్ మంచి ఆసరా. అక్షరం కూడబలుక్కునేలోపే బొమ్మ సగం కథ చెప్పేస్తుంది.

అలా మొదలుపెట్టాలంటే నారాయణ్ దేబ్‌నాథ్ (1925–2022) దగ్గరే మొదలుపెట్టాలి. హావ్‌డా శిబ్‌పూర్‌లో పుట్టిన ఆయన 1962లో 'శుక్‌తారా' పిల్లల మాసపత్రికలో 'హాందా భోందా' ప్రారంభించారు. బక్కపలచని హాందా ఎత్తులు వేస్తాడు, లావుపాటి భోందా చేతిలో చిత్తవుతాడు. ఒకటి రెండు పేజీల్లో తేలిపోయే ఈ కథల్లో మాటలు తక్కువ, పరుగులు ఎక్కువ. 1965లో వచ్చిన 'బాంటుల్ ది గ్రేట్' ఇంకా ప్రసిద్ధం. గులాబీ బనియన్, నల్ల నిక్కరు, కొండంత ఛాతీ, పుల్లల్లాంటి కాళ్లు. ఈ రూపానికి స్ఫూర్తి బాడీబిల్డర్ మనోహర్ ఆయిచ్ అంటారు. బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో ప్రచురణకర్తలు కోరగా దేబ్‌నాథ్ మొదట తటపటాయించి, చివరికి అతణ్ని తూటాలు తగిలినా చలించని వీరుడిగా మార్చారు. అయినా బాంటుల్ పాడలో పిల్లల అల్లరిని సరిదిద్దే అన్నయ్యగానే ఎక్కువ బాగుంటాడు.

1969 నాటి 'నంటే ఫంటే'ది హాస్టల్ లోకం: తిండిపోతు సూపరింటెండెంట్, పెత్తనం చేసే కేల్టుదా. ఇక్కడ హాస్యమంతా దెబ్బల మీదే నడుస్తుంది. నేటి తల్లిదండ్రులకు అది రుచించకపోవచ్చు, ఆ అభ్యంతరంలో న్యాయమూ ఉంది. దేబ్‌నాథ్‌కు 2021లో పద్మశ్రీ వచ్చింది, అప్పటికి ఆయన వయసు 95.

అనువాదాల్లో 'ఆనందమేళా' టిన్‌టిన్‌ను చూడాలి. కవి నీరేంద్రనాథ్ చక్రవర్తి చేతిలో స్నోయీ అచ్చంగా బెంగాలీ కుక్కపిల్ల 'కుట్టుస్' అయిపోయింది.

స్వతంత్ర ధోరణి వేరు. కోల్‌కతాలో పుట్టిన సారనాథ్ బెనర్జీ ఇంగ్లీషులో రాస్తారు. 'కారిడార్' (2004) ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లోని పాత పుస్తకాల అంగడి చుట్టూ తిరిగితే, 'ది బార్న్ ఔల్స్ వండ్రస్ కేపర్స్' (2007) పాత కలకత్తా బాబుల రహస్యాలు తవ్వుతుంది. రెండోదే గట్టి పుస్తకం, అయితే కథ ఎక్కడ తెగి ఎక్కడ అతుక్కుంటుందో ఓపికగా పట్టుకోవాలి.

తెలుగువారిని బహుశా ఎక్కువగా కదిలించేది ఓరిజిత్ సేన్ 'రివర్ ఆఫ్ స్టోరీస్' (1994). నర్మద ఆనకట్టల వల్ల నిర్వాసితులైన ఆదివాసుల గాథ ఇది. ఒకవైపు సృష్టికథ పాడే గాయకుడు, మరోవైపు వార్త కోసం తిరిగే యువ జర్నలిస్టు విష్ణు. పోలవరం ముంపు గ్రామాల గురించి చదివినవాళ్లకు ఆ పేజీలు పరాయివిగా అనిపించవు. చాలాకాలం దొరకని ఈ పుస్తకాన్ని 2022లో చెన్నైకి చెందిన బ్లాఫ్ట్ మళ్లీ అచ్చువేసింది.

తెలుగులోనే గ్రాఫిక్ నవల కావాలనుకుంటే మర్జానె సత్రపి 'పర్సెపొలిస్' ఉంది, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చింది. విప్లవకాలపు ఇరాన్ పిల్ల తెలుగులో మాట్లాడుతుంది. రైల్వే కాలనీ పిల్లను గీసే బొమ్మలకథ కోసం మాత్రం ఖరగ్‌పూర్ పాఠకుడు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు.