తిండి అంటేనే భయపడుతున్నారా? ఈటింగ్ డిజార్డర్‌కు సాయం ఎక్కడ, ఎలా?

‘పిల్ల సరిగా తినడం లేదు’ అన్న మాట ప్రతి ఇంట్లో వినిపించేదే. చాలాసార్లు అది నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. కానీ తినాలంటే భయపడటం, తిన్నాక తప్పు చేసినట్టు కుమిలిపోవడం, ఎవరూ చూడకుండా అతిగా తినేయడం వారాల తరబడి సాగుతుంటే అది మొండితనం కాదు, జబ్బు. డాక్టర్లు దీన్ని ఈటింగ్ డిజార్డర్ అంటారు. దీనికి చికిత్స ఉంది, కోలుకుంటున్నవాళ్లూ ఉన్నారు. మన దగ్గర కష్టమల్లా సరైన చోటికి చేరడమే. మొదట నజర్ తగిలిందంటాం. తర్వాత గ్యాస్ అని కడుపు డాక్టర్‌కు చూపిస్తాం. చివరికి ‘మెంటల్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే రేపు సంబంధాలు ఎలా వస్తాయి’ అని ఆగిపోతాం. ఈలోపు జబ్బు ముదురుతుంది.

ఇందులో రకాలు

బరువు పెరుగుతామన్న భయంతో తిండి బాగా తగ్గించేయడం అనొరెక్సియా. ఒక్కసారిగా చాలా తినేసి, దాన్ని ఎలాగైనా వదిలించుకోవాలని శరీరాన్ని హింసించుకోవడం బులీమియా. ఆపుకోలేక అతిగా తిని తర్వాత సిగ్గుతో బాధపడటం బింజ్ ఈటింగ్ డిజార్డర్. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం ఈ మూడోదాన్ని 2013లో విడి జబ్బుగా గుర్తించింది. మనిషిని చూసి ఈ జబ్బు ఉందో లేదో చెప్పలేం. సన్నగా ఉన్నవాళ్లకే కాదు, లావుగా ఉన్నవాళ్లకూ వస్తుంది. ఆడపిల్లలకే కాదు, జిమ్‌కు వెళ్లే మగపిల్లలకూ వస్తుంది.

ఇంట్లో గమనించాల్సినవి

దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోకుండా రోజూ ఏదో ఒక సాకు చెప్పడం, తిన్న వెంటనే బాత్రూమ్‌కు వెళ్లి చాలాసేపు రాకపోవడం, మాటిమాటికీ అద్దం చూసుకోవడం లేదా బరువు చూసుకోవడం, వదులు బట్టల్లో శరీరాన్ని దాచుకోవడం, ఎప్పుడూ చలి, నీరసం, జుట్టు రాలడం, నెలసరి ఆగిపోవడం. వీటిలో కొన్ని కలిసి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మొదట ఫిజీషియన్‌కు చూపించండి. పొటాషియం సహా రక్త పరీక్షలు, బీపీ, ఈసీజీ అవసరమవుతాయి. రిపోర్టులు నార్మల్‌గా ఉన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు. తర్వాత సైకియాట్రిస్టును కలవాలి. మందులు రాసేది ఆయన. మాటల ద్వారా చికిత్స చేసేది క్లినికల్ సైకాలజిస్టు. వీరికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ‘కౌన్సెలర్’ అని బోర్డు పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఈ శిక్షణ ఉండదు కాబట్టి రిజిస్ట్రేషన్ అడగడంలో మొహమాటం వద్దు.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో ప్రారంభించిన ఈ సేవ ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పేషెంట్ కోసం ఇంట్లోవాళ్లు కూడా ఫోన్ చేయొచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరులోని నిమ్హాన్స్ ప్రభుత్వ సంస్థలు.

మనసు తెలిసిన థెరపిస్టు కావాలంటే

మొదటి అపాయింట్‌మెంట్‌లోనే ఈ ప్రశ్నలు అడగండి. ఈటింగ్ డిజార్డర్ కేసులు ఇంతకు ముందు చూశారా? ఏ పద్ధతిలో చేస్తారు? ఫిజీషియన్‌తో, డైటీషియన్‌తో కలిసి పనిచేస్తారా? ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టుకుంటారా? ఆడపిల్ల లేడీ డాక్టర్‌నే అడిగితే ఆ మాట ముందే చెప్పండి.

ఓపికగా వినేవారు, భయపెట్టకుండా నిజం చెప్పేవారు మంచి థెరపిస్టు. ‘తింటే సరిపోతుంది కదమ్మా’ అని తీసిపారేసేవారు, పిల్ల బరువు మీద జోకులు వేసేవారు, నమాజ్‌నో హిజాబ్‌నో జబ్బుకు కారణమని తేల్చేసేవారు అయితే ఇంకొకరిని వెతుక్కోండి. డాక్టర్‌ను మార్చడం అగౌరవం కాదు.

చికిత్స ఎలా ఉంటుంది?

టీనేజ్ పిల్లల అనొరెక్సియాకు ఎక్కువగా సూచించేది కుటుంబంతో కలిసి చేసే థెరపీ. మొదట అమ్మానాన్నలు పిల్ల భోజనం బాధ్యత పూర్తిగా తీసుకుంటారు. ఆరోగ్యం కుదుటపడేకొద్దీ ఆ బాధ్యత మెల్లగా పిల్లకే తిరిగి ఇస్తారు. జబ్బుకు తల్లిదండ్రులను దోషులుగా చూడకపోవడం ఈ పద్ధతిలో ముఖ్యం. పెద్దవాళ్లకు ఆలోచనలను, అలవాట్లను మార్చే సీబీటీ చేస్తారు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాల ప్రకారం బులీమియాకు 20 వారాల్లో 20 సెషన్ల వరకు, అనొరెక్సియాకు 40 వారాల్లో 40 సెషన్ల వరకు పట్టొచ్చు. రెండు సిట్టింగుల్లో మార్పు రాలేదని మానేయొద్దు.

చాలా రోజులు సరిగా తినని మనిషికి ఒక్కసారిగా కడుపు నిండా పెట్టడం ప్రమాదం. రక్తంలో లవణాలు తారుమారై గుండె మీద ప్రభావం పడొచ్చు. అందుకే డాక్టర్ చెప్పినట్టే పెంచాలి.

రంజాన్ వస్తే?

ఈ జబ్బు ఉన్నవాళ్లకు రంజాన్ పరీక్షలాంటిది. రోజా చాటున తిండి మానేయడం ఎవరికీ కనపడదు. ఇఫ్తార్‌లో అతిగా తినేసే ముప్పూ ఉంటుంది. రోగులకు రోజా విషయంలో ఇస్లాం వెసులుబాటు ఇచ్చింది, మానసిక వ్యాధి కూడా వ్యాధే. షాబాన్‌లోనే డాక్టర్‌ను అడగండి, ఆ మాట తీసుకెళ్లి మీరు నమ్మే ఆలిమ్‌తో ఖజా, ఫిద్యా విషయం మాట్లాడండి. రోజా లేని పిల్లను చుట్టాల ముందు ‘ఎందుకు లేవు?’ అని అడగొద్దు. దువా చేయండి, చికిత్స ఆపకండి. ఒకటి ఉంటే రెండోది వద్దని కాదు.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది

బరువు, రంగు, ఒళ్లు గురించి మాటలు పూర్తిగా ఆపండి. ‘సన్నబడితే మంచి సంబంధం వస్తుంది’ అన్నది మనకు మామూలు మాట, కొందరికి అది జబ్బు మొదలయ్యే చోటు. ‘ఇప్పుడు బాగా ఒళ్లు చేశావు’ అన్న మెచ్చుకోలు కూడా కోలుకుంటున్నవారికి గుచ్చుకుంటుంది. పక్కన కూర్చుని తినండి, తింటున్నంతసేపు వేరే కబుర్లు చెప్పండి. దావత్‌లో బలవంతంగా ప్లేట్ నింపే ఖాలాను, ఫూఫీని ముందే పక్కకు పిలిచి చెప్పండి.

ఖర్చు, గోప్యత

2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బీమా కంపెనీలు శరీర వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ కవరేజ్ ఇవ్వాలి. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బు ఇస్తాయి, థెరపీ ఫీజు మనమే కట్టుకోవాలి. పాలసీ కాగితం చదివి, ఫోన్‌లో చెప్పింది ఈమెయిల్‌లో కూడా తీసుకోండి. ఫీజు భారమైతే సెషన్ల మధ్య గ్యాప్ గురించి థెరపిస్టుతో ముందే మాట్లాడండి. పేషెంట్ వివరాలు గోప్యంగా ఉంచడం కూడా అదే చట్టం ఇచ్చిన హక్కు. కాబట్టి నలుగురికీ తెలిసిపోతుందన్న భయంతో చికిత్స వాయిదా వేయొద్దు.

వెంటనే ఆసుపత్రికి

స్పృహ తప్పడం, గుండె దడ లేదా ఛాతీ నొప్పి, వాంతిలో రక్తం, నీళ్లు కూడా తాగలేకపోవడం, చనిపోతానన్న మాటలు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి లేదా దగ్గరలోని ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

మిగతా అందరికీ మొదటి అడుగు చిన్నదే. ఈ రోజు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ‘నీ మీద కోపం లేదు, నీకు కష్టంగా ఉందని అర్థమైంది, కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్దాం’ అని చెప్పండి.