రామదాసు బాకీ, భగీరథ బాకీ

భద్రాద్రి రామునకు ఆలయము కట్టింప, గోలకొండ దర్బారు ఆజ్ఞకై వేచియుండక పాల్వంచ పరగణా రాబడిని వెచ్చించిన, రామదాసుగా పేరొందిన కంచెర్ల గోపన్న పన్నెండేండ్లు చెఱసాల ననుభవించెననియు, తుదకు రామలక్ష్మణులే మారువేషములతో తానీషా కడకేగి ఆఱు లక్షల మొహరీలు చెల్లించి రసీదు పుచ్చుకొనిరనియు మా ప్రాంతమున చెప్పుకొనని యిల్లు లేదు. భక్తులకది మహిమ. ఖజానా లెక్కలు చూచువానికి మాత్రము అది, బాకీ పడినవా డొకడు, తీర్చినవాడు మఱియొకడు అయిన వ్యవహారము. గోపన్న పుట్టిన నేలకొండపల్లి మొదలు భద్రాచలము వఱకు గల యీ అడవి అంచున త్రాగునీటికిని, మురుగునీటికిని సర్కారు అప్పులు నడచిన కథను తిరుగవేయునపుడెల్ల నాకు ఆ రసీదే స్ఫురించుచుండును.

1860లో నిజాము గోదావరి ఎడమగట్టు సీమను ఇంగ్లీషువారికి వదలుకొనినది మొదలు, నదికి ఈవలి ఖమ్మము ఒక ప్రభుత్వమునకును, ఆవలి భద్రాచలము వేఱొక ప్రభుత్వమునకును లోబడియుండెను. 1908 మూసీ వఱద పిమ్మట హైదరాబాదు నగరమునకు ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము సమకూడినవి గాని, ఖమ్మము వంటి ఊళ్లు బావులను, చెఱువులను, మున్నేటినే నమ్ముకొనవలసి వచ్చెను. ఆవలి గట్టున 1914 నాటి స్థానిక సంస్థల ఋణ చట్టము అమలులో నుండెను. పురపాలక సంఘము తన నిధులను హామీగా చూపి అప్పు తెచ్చుకొనవచ్చును. వాయిదా తప్పెనేని ప్రభుత్వము ఆ నిధులను జప్తు చేయవచ్చును. ఈ పద్ధతికి పూర్వరంగము లండనులో జరిగినది. 1858 వేసవిలో థేమ్సు నది దుర్గంధము పార్లమెంటు సభ్యుల ముక్కుపుటములకే తగిలిన పిమ్మట, ముప్పది లక్షల పౌనుల అప్పుతో మురుగుకాలువలు త్రవ్వుటకు, దానికి ఖజానా పూచీ నిలుచుటకు, నగరవాసుల పన్నుతో నలువదేండ్లలో తీర్చుటకు చట్టము కొన్నివారములలోనే సిద్ధమాయెను. ముక్కును మించిన వకీలు లేడు గదా! అయినను ఏజెన్సీ సీమయగు భద్రాచలమునకు ఆ 1914 నాటి చట్టము ఉన్నను లేనట్లే. అప్పుపత్రముపై సంతకము చేయుటకు అక్కడ పురపాలక సంఘమే లేదు. త్రాగునీటి మాట అటుండగా, ఆ యూరికి ఎగువన దుమ్ముగూడెము వద్ద నౌకలు నడపింతుమని ఆనకట్టయు, లాకులును కట్టిన దొరతనమువారు 1871లో ఆ నౌకామార్గపు పనులకు స్వస్తి చెప్పిరి. నౌకలు నడువకున్నను ఆనకట్ట నేటికిని నిలిచియున్నది.

స్వాతంత్ర్యానంతరము 1954లో కేంద్రము ఆరంభించిన జాతీయ నీటిసరఫరా, పారిశుద్ధ్య కార్యక్రమమున పల్లెలకు గ్రాంటు, పట్టణములకు అప్పు అను భేదము పాటింపబడెను. పట్టణవాసి పన్ను కట్టగలడు, పల్లెవాసి కట్టలేడు అనునది దానిలోని తర్కము కాబోలు. తరువాత జీవిత బీమా సంస్థయు, 1970లో పుట్టిన గృహ, పట్టణాభివృద్ధి సంస్థయగు హడ్కోయు ఋణదాతల వరుసలో చేరినవి. ఈలోగా 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడెను. 1959లో భద్రాచలము దానిలో కలిసెను. ఆ రెండు గట్టుల కలయికకు గుర్తుగా నేడును మా భద్రాచలమున నల్లా యనువారును గలరు, కుళాయి యనువారును గలరు.

ఆ నల్లాకు మహాధనయోగము పట్టినది 2016 తరువాత. 42,853 కోట్ల రూపాయల అంచనాతో తెలంగాణ ప్రభుత్వము తలపెట్టిన త్రాగునీటి పథకము మిషన్ భగీరథకు నూటికి ఎనుబది వంతులు అప్పే. హడ్కో, నాబార్డు, బ్యాంకులు ఇచ్చినవి, తెలంగాణ త్రాగునీటి సరఫరా కార్పొరేషను పుచ్చుకొన్నది, రాష్ట్ర ప్రభుత్వము పూచీపడినది. పాలేరు జలాశయపు నీరు ఖమ్మమునకును, అశ్వాపురము కడ గోదావరిలో తోడి రథంగుట్టపై శుద్ధిచేసిన నీరు ఈ మన్యపు ఊళ్లకును వచ్చెను. కలుషిత జలముతో ఏటేట జ్వరపడు గూడెములకు ఇది సామాన్యమైన మేలు కాదు. కాని కార్పొరేషనునకు చెప్పుకొనదగిన స్వంత రాబడి లేనందున వాయిదాల భారము రాష్ట్ర బడ్జెట్టు మీదనే పడినది. ఇట్టి అప్పులు రాష్ట్రపు అప్పులే యని 2022లో కేంద్ర ఆర్థికశాఖ వానిని ఋణ పరిమితిలో కలుపగా తెలంగాణ నిరసించెను. న్యాయమెవరిదైనను, భగీరథ బాకీని తీర్చునది పూచీదారే; పూచీదారు ఈసారి మారువేషములో రాలేదు, అంతియే భేదము.

మురుగు మాట వేఱు. మంచినీటికి శంకుస్థాపనలు, పూర్ణకుంభములు ఉండును. మురుగునకు ఎవడు హారతి పట్టును? ఒకప్పుడు పొలములు తడిపిన గోళ్లపాడు చానలు ఖమ్మము పెరిగిన కొలది నగరపు మురికికాలువ యయ్యెను; ఇటీవల దానిని గొట్టములలోనికి మళ్లించి పైన ఉద్యానములు వేసిరి. ఖమ్మము 2012 నుండి నగరపాలక సంస్థ. 2015 నాటి అమృత్ పథకమున చేరినది. పదిలక్షల లోపు జనాభా గల నగరము కనుక వ్యయములో సగము కేంద్రము నుండి పొందుటకు అర్హత గలదయ్యెను.

భద్రాచలమునకు ఆ ద్వారమును లేదు. షెడ్యూల్డు ప్రాంతములకు పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసినగాని రాజ్యాంగపు పురపాలక భాగము వర్తింపదని 243జడ్‌సి అధికరణము చెప్పుచున్నది. గిరిజనుల భూమికిని, అధికారమునకును రక్షగా ఉంచిన కట్టుబాటది. దానిని తేలికగా త్రోసిపుచ్చరాదు. అయినను ఫలితమేమన, శ్రీరామనవమికి లక్షల జనమును మోయు పుణ్యక్షేత్రము గ్రామపంచాయతీగానే మిగిలినది. 2014లో రాష్ట్ర విభజన వేళ చుట్టుప్రక్కల ఊళ్లు ఆంధ్రప్రదేశమునకు పోగా చెత్త పోయుటకు చోటును కఱవైనది.

వఱదకాలమున కరకట్టపై నిలిచి చూడవలెను. 1986లో 75.6 అడుగులకు లేచిన నదిని ఇవతలకు రానీయకుండుటకు కట్టిన ఆ కట్టయే, స్లూయిసు తలుపులు దించినపుడు ఊరి మురుగును అవతలకు పోనీయదు. కాలనీలలో వాననీరు, మురుగు ఏకమై గడపలెక్కుచుండగా, కట్టమీద మోటారులు రాత్రింబవళ్లు గుడగుడలాడుచు ఆ నల్లని నీటిని లావుపాటి గొట్టములతో తోడి గోదావరిలో పోయుచుండును. అది అట్లే ప్రవహించి ఎటపాక దాటి వేఱొక రాష్ట్రపు రేవులకు చేరును.