మట్టిదారి మోటారుసైకిళ్లలో బోల్టుల బిగింపు

రోడ్డు వదిలి మట్టిలో, ఇసుకలో, రాళ్లలో తిరిగే మోటారుసైకిలుకు బోల్టులు సడలకుండా, మరలు చెడకుండా బిగించడం ఇంజన్ ఆయిల్ మార్చడమంత ముఖ్యమైన పని. బిగించినప్పుడు బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది. మళ్లీ కుదించుకోవాలని అది లాగే లాగుడే రెండు భాగాలను కలిపి పట్టుకుంటుంది. తక్కువ సాగితే అదురుకు వదులవుతుంది, ఎక్కువ సాగితే తెగుతుంది. ఎంత సాగిందో చేతి అంచనాతో చెప్పే కాలం పోయి, కొలిచి చెప్పే కాలం రావడమే ఈ విషయం చరిత్ర.

తీరప్రాంతంలోని గూడూరు చుట్టుపక్కల దీన్ని పందేల బండ్ల వ్యవహారం అనుకోవడానికి వీల్లేదు. కోట, వాకాడు వైపు రొయ్యల గుంటల గట్ల మీద, చిల్లకూరు సిలికా ఇసుకలో, నిమ్మతోటల బాటల్లో, సైదాపురం మైకా గనుల దారుల్లో మామూలు బండ్లే రోజూ ఆ చాకిరీ చేస్తాయి. గతుకులకు తోడు ఉప్పుగాలి కూడా ఉంటుంది.

1800 ప్రాంతంలో ఇంగ్లండులో హెన్రీ మాడ్స్‌లే లేతు మీద మరలు కచ్చితంగా కోయడం సాధించేదాకా ఒక బోల్టుకు కోసిన నట్టు ఇంకో బోల్టుకు పట్టేది కాదు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ 55 డిగ్రీల కోణంతో మరలకు ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలు మేలన్నాడు. సైకిళ్లు వచ్చాక బ్రిటిష్ తయారీదారులు 1902లో సన్నని మరల ప్రమాణం ఒకటి పెట్టుకున్నారు. సన్న మర ముతక మరకన్నా అదురును బాగా తట్టుకుంటుంది. తొలినాటి మోటారుసైకిళ్లకు అదే వారసత్వంగా వచ్చింది.

మట్టిదారి పరీక్షలు ఆ బిగింపుల లోటుపాట్లు బయటపెట్టాయి. ఆరు రోజుల అంతర్జాతీయ ట్రయల్ 1913లో మొదలైంది. 1924లో ఇంగ్లండులోని కాంబర్లీ దగ్గర జరిగిన పందెం నుంచి మోటోక్రాస్ అనే మట్టిదారి పందెం పుట్టింది. 1948లో ఇటలీలో జరిగిన ఆరు రోజుల ట్రయల్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ నమూనా బండ్లు బంగారు పతకాలు సాధించాయి. ఆ బుల్లెట్టే తర్వాత మద్రాసు చేరింది. మన ఊళ్లలో దర్జా బండిగా పేరుపడినా, దాని పుట్టుక మాత్రం బురదలోనే.

పాత బుల్లెట్టులో సైకిలు మరలు, విట్‌వర్త్ కుటుంబపు మరలు కలగలిసి ఉండేవి. మనదేశం 1958 అక్టోబరు 1 నుంచి మెట్రిక్ కొలతలకు మారడం మొదలుపెట్టింది. 1961లో మైసూరులో తయారైన జావా బండ్లు మిల్లీమీటర్ల మరలతో వచ్చాయి. రెండు తరాల బండ్లూ ఒకే షాపు ముందు నిలబడితే తికమక తప్పదు. పావు అంగుళం బోల్టు మందం 6.35 మిల్లీమీటర్లు. దాన్ని 6 మిల్లీమీటర్ల మరలోకి బలవంతంగా తిప్పితే మొదట బాగా బిగిసినట్టే అనిపిస్తుంది, కానీ లోపలి మర అప్పటికే పోయి ఉంటుంది.

1980లలో జపాను సహకారంతో వచ్చిన బండ్లకు ఇంజన్ కవర్ల మీద ప్లస్ గుర్తు స్క్రూలు ఉండేవి. 1936లో పేటెంటు పొందిన ఫిలిప్స్ గాడికీ జపాను గాడికీ ఆకారంలో కొంచెం తేడా ఉంది. అందుకే మామూలు స్క్రూడ్రైవరు జారి తల అరిగిపోయేది. మెకానిక్కులు ఆ స్క్రూలు తీసేసి ఆలెన్ బోల్టులు వేయసాగారు. తల అరగడం ఆగింది గానీ, పొడవాటి ఆలెన్ కీ చేతికిచ్చే బలం అల్యూమినియం మరల ప్రాణం తీసింది. పోయిన మరను పెద్దది చేసి, స్టీలు తీగతో చుట్టిన హెలికాయిల్ దించడం అలా లేతు షాపుల్లో మామూలు పనైంది.

బిగింపును కొలిచే టార్క్ రెంచ్ ఘనత సాధారణంగా కాన్రాడ్ బార్‌కు ఇస్తారు. న్యూయార్క్ నీటి సరఫరా శాఖలో పైపుల బోల్టులు మితిమీరి బిగించకుండా 1918లో ఆయన దాన్ని తయారుచేశాడు. దాంతో బండి మాన్యువల్‌లో అంకెలు రాయడానికి వీలైంది. మట్టిదారి బండ్ల ఛాసిస్ మీద 6 మిల్లీమీటర్ల బోల్టుకు 10 న్యూటన్ మీటర్లు, 8కి 25, 10కి 45 దాకా చెప్పడం పరిపాటి. పది సెంటీమీటర్ల స్పానర్ చివర పది కిలోల బరువుతో నొక్కితే సుమారు 10 న్యూటన్ మీటర్లు వస్తుంది.

ఈ అంకెల్లో ఒక చిక్కు ఉంది, తీరప్రాంతం వాళ్లకు అది మరీ ముఖ్యం. మనం పెట్టే బలంలో దాదాపు పదో వంతే బోల్టును సాగదీస్తుంది. మిగతాదంతా తల కింద, మరల మధ్య రాపిడికే ఖర్చవుతుంది. 6 మిల్లీమీటర్ల పొడి బోల్టును 10 న్యూటన్ మీటర్లకు బిగిస్తే సుమారు 8,300 న్యూటన్ల లాగుడు వస్తుంది. అదే బోల్టుకు జారుడు గ్రీజు పూసి అదే అంకెకు బిగిస్తే లాగుడు 13,000 దాటవచ్చు. మామూలు 8.8 తరగతి బోల్టు తట్టుకునే లాగుడు దాదాపు 12,000 న్యూటన్లే. తుప్పు పట్టిన బోల్టును అదే అంకెకు బిగిస్తే లాగుడు 5,500కు పడిపోవచ్చు. రెంచ్ మూడుసార్లూ ఒకే అంకె దగ్గర టిక్కుమంటుంది. అందుకే గూడూరు లాంటి చోట టార్క్ రెంచ్ తీసే ముందు వైరు బ్రష్‌తో మరలు శుభ్రం చేయాలి, ఆ అంకె పొడి మరకా తడి మరకా అని మాన్యువల్‌లో చూసుకోవాలి. ఉప్పునీటి తడిలో స్టీలు బోల్టు, అల్యూమినియం కవరు కలిసి అల్యూమినియాన్ని తినేస్తాయి. రొయ్యల గుంటల దగ్గర నుంచి వచ్చిన బండిని ఆ రోజే మంచినీళ్లతో కడగాలి.

సరిగ్గా బిగించినా బోల్టు ఎందుకు సడలుతుందో 1969లో జర్మన్ ఇంజనీరు గెర్‌హార్డ్ యుంకర్ నిరూపించాడు. బోల్టు పొడవునా వచ్చే కుదుపు కంటే అడ్డంగా వచ్చే జారుడే నట్టును విప్పుతుంది. స్ప్రింగు వాషరు దీన్ని పెద్దగా ఆపలేదని ఆ తరహా పరీక్షల్లో తేలింది. మన షాపుల్లో ఆ వాషరు మీదున్న నమ్మకం ఇక తగ్గాలి. సరైన బిగింపే మొదటి రక్ష. ఆపైన బ్రేక్ డిస్కు, స్ప్రాకెట్ బోల్టులకు 1953లో వెర్నాన్ క్రీబుల్ కనిపెట్టిన, గాలి తగలని చోట గట్టిపడే మర జిగురు వాడతారు.

2015లో సి.ఎస్. సంతోష్ మట్టిదారుల్లో సాగే డకార్ ర్యాలీ పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యాడు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ వచ్చాక మట్టిదారి బండ్ల నిర్వహణ మామూలు షాపుల పని కూడా అయింది. ఈ బండ్లలో అన్నిచోట్లా గట్టిగా బిగించడమే మంచిది కాదు. ఫోర్కును పట్టే క్లాంపు బోల్టులు మితిమీరితే గొట్టం నలిగి సస్పెన్షన్ పట్టేస్తుంది. బ్రేకు, క్లచ్ లీవర్ల క్లాంపును బండి పడితే తిరిగేంత వదులుగా ఉంచితే లీవరు విరగదు. కొత్త మోటోక్రాస్ బండికి తొలి గంట పరుగు తర్వాతే చువ్వలు, స్ప్రాకెట్ బోల్టులు మళ్లీ చూడాలి. టార్క్ రెంచ్‌ను పని అయ్యాక కనీస అంకెకు తిప్పి పెట్టాలి, ఏడాదికోసారి లేదా 5,000 బిగింపులకోసారి సరిచూపించాలి.