కారు ఆడియో కోసం మెమరీ కార్డులో పాటల అమరిక

కారులోని ఆడియో యంత్రంలో వినడానికి వీలుగా డిజిటల్ పాటలను మెమరీ కార్డులో ఫోల్డర్లుగా విభజించి, పేర్లు పెట్టి, ఒక వరుసలో ఉంచడాన్ని పాటల అమరిక అంటారు. ఇందులో మూడు అంశాలు ఉన్నాయి: ఫోల్డర్ల నిర్మాణం, ఫైళ్ళ పేర్లు, పాట ఫైలు లోపల నమోదైన వివరాలు. కంప్యూటరు తెరపై సక్రమంగా కనిపించిన పాటలు కారులో తారుమారుగా వినిపించడం తరచుగా జరుగుతుంది. చాలా సందర్భాలలో ఇది కార్డులోని లోపం కాదు. ఒకే కార్డును కంప్యూటరు ఒక విధంగా, కారు యంత్రం మరొక విధంగా చదవడమే దీనికి కారణం. వాహనం నడుపుతూ ఈ తేడాను సరిదిద్దుకోవడం ప్రమాదకరం కనుక అమరికను ఇంటివద్దనే పూర్తి చేసుకోవాలి.

నేపథ్యం

క్యాసెట్టులో పాటల వరుస టేపు మీదనే స్థిరపడి ఉండేది. ఆడియో సీడీలో ప్రతి పాటకు ఒక ట్రాకు సంఖ్య ఉంటుంది. ఈ రెండింటిలోను వరుసను నిర్ణయించే పని శ్రోతది కాదు, తయారీదారుది. ఎం.పి.3 విధానం వచ్చిన తరువాత ప్రతి పాట ఒక విడి ఫైలుగా మారింది. ఈ ఫైళ్ళకు '.ఎంపి3' అనే పొడిగింపును 1995లో ఎంపిక చేశారు. దీనితో వరుసను నిర్ణయించే బాధ్యత శ్రోతకు వచ్చింది.

ఎస్.డి. కార్డును 1999లో శాన్‌డిస్క్, మత్సుషిత, తోషిబా సంస్థలు ప్రకటించాయి. 2006లో 32 గిగాబైట్ల వరకు సామర్థ్యం గల ఎస్.డి.హెచ్.సి., 2009లో 2 టెరాబైట్ల వరకు అవకాశం గల ఎస్.డి.ఎక్స్.సి. ప్రమాణాలు వెలువడ్డాయి. మొదటిది ఎఫ్.ఏ.టి.32 అనే ఫైలు వ్యవస్థను, రెండవది ఎక్స్‌ఫ్యాట్ అనే వ్యవస్థను వాడుతాయి. పాత కారు యంత్రాలలో అనేకం ఎఫ్.ఏ.టి.32ను మాత్రమే చదువుతాయి. అందువలన 64 గిగాబైట్ల కొత్త కార్డును అవి అసలు గుర్తించకపోవచ్చు.

సామర్థ్యం

సెకనుకు 128 కిలోబిట్ల నాణ్యత గల ఎం.పి.3 పాటకు నిమిషానికి సుమారు 0.96 మెగాబైట్లు అవసరం. అంటే 5 నిమిషాల పాటకు 4.8 మెగాబైట్లు పడుతుంది. 320 కిలోబిట్ల నాణ్యతలో అదే పాటకు 12 మెగాబైట్లు కావాలి. ఈ లెక్కన 32 గిగాబైట్ల కార్డులో మొదటి రకం పాటలు 6,600 వరకు, రెండవ రకం పాటలు 2,600 వరకు పడతాయి. అయితే కార్డులో చోటు ఉన్నంత మాత్రాన యంత్రం అన్నిటినీ చదువుతుందని చెప్పలేము. ఎన్ని ఫోల్డర్లు, ఎన్ని ఫైళ్ళు, ఎన్ని అంతస్తుల లోతు వరకు చదవగలదో ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క పరిమితి ఉంటుంది. ఈ వివరం యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

వరుస తారుమారు కావడానికి కారణం

ఎఫ్.ఏ.టి. వ్యవస్థలో ప్రతి ఫోల్డరుకు ఒక పట్టిక ఉంటుంది. అందులోని ఒక్కొక్క గడి 32 బైట్ల పరిమాణం కలిగి ఉంటుంది. కొత్త ఫైలును కాపీ చేసినపుడు దాని వివరాలు ఈ గడులలో వ్రాయబడతాయి. పట్టికలో అక్షరక్రమం ఉండదు. వ్రాసిన క్రమం మాత్రమే ఉంటుంది. కంప్యూటరు ఈ పట్టికను చదివి, తెరపై చూపించే ముందు పేర్ల ప్రకారం పేర్చుతుంది. కారు యంత్రాలలో కొన్ని పేర్ల ప్రకారం, కొన్ని పాట లోపలి ట్రాకు సంఖ్యల ప్రకారం పాడతాయి. మరికొన్ని ఏ మార్పూ లేకుండా పట్టికలో ఉన్న వరుసలోనే పాడతాయి.

ఒక పాటను తొలగించినపుడు దాని గడి పూర్తిగా చెరిగిపోదు. ఖాళీ అయినట్లు ఒక గుర్తు మాత్రమే పడుతుంది. తరువాత చేర్చిన పాట ఆ ఖాళీ గడిలోకి చేరవచ్చు. చివర చేర్చిన పాట మధ్యలో వినిపించడానికి ఇదే కారణం.

ఈ సమస్యకు రెండు పరిష్కారాలు ఉన్నాయి. మొదటిది, కార్డును ఫార్మాట్ చేసి పాటలను కావలసిన వరుసలో ఒక్కొక్కటిగా కాపీ చేయడం. ఫార్మాట్ చేస్తే కార్డులోని సమస్తం పోతుంది కనుక ముందుగా పాటల ప్రతిని కంప్యూటరులో భద్రపరచుకోవాలి. రెండవది, పట్టికనే తిరిగి పేర్చే సాఫ్టువేరును వాడడం. లినక్సులో ఫ్యాట్‌సార్ట్, విండోస్‌లో డ్రైవ్‌సార్ట్ ఈ పని చేస్తాయి.

పేర్ల ముందు సంఖ్యలు

పేర్ల ప్రకారం పేర్చే యంత్రాలకు సంఖ్యలే ఆధారం. అయితే సామాన్యమైన యంత్రం సంఖ్య విలువను చూడదు, ఒక్కొక్క అంకెనే పోల్చుతుంది. అందువలన 1 తరువాత 10, 11, 12 వచ్చి, ఆ పిమ్మట 2 వస్తుంది. 01, 02, 03 అని వ్రాస్తే ఈ చిక్కు తొలగుతుంది. ఒక ఫోల్డరులో 100 లేదా అంతకంటే ఎక్కువ పాటలుంటే 001 నుండి మొదలుపెట్టాలి.

వరుస ముఖ్యమైన రచనలకు ఇది మరింత అవసరం. త్యాగరాజు ఘనరాగ పంచరత్న కీర్తనలను నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అనే రాగక్రమంలో పాడడం సంప్రదాయం. సంఖ్యలు లేకుండా రాగాల పేర్లను ఆంగ్ల లిపిలో వ్రాస్తే యంత్రం వాటిని ఆరభి, గౌళ, నాట, శ్రీ, వరాళి అనే వరుసలో పాడుతుంది. మొదట రావలసిన నాట మూడవ స్థానానికి చేరుతుంది. అనేక భాగాలుగా ఉండే హరికథలు, పురాణ ప్రవచనాలు కూడా సంఖ్యలు లేకపోతే కథాక్రమం తప్పుతాయి.

ఫోల్డర్ల నిర్మాణం

సాధారణంగా రెండు అంతస్తుల నిర్మాణం సరిపోతుంది. పై అంతస్తులో సినిమా పాటలు, శాస్త్రీయ సంగీతం, భక్తి గీతాలు, ప్రవచనాలు వంటి విభాగాలు ఉంటాయి. వాటి లోపల ఒక్కొక్క సినిమాకు, గాయకునికి లేదా వాగ్గేయకారునికి ఒక ఫోల్డరు ఉంటుంది. లోతు పెరిగినకొద్దీ కావలసిన పాటను చేరడానికి ఎక్కువ మీటలు నొక్కవలసి వస్తుంది. ఫోల్డరులో చేర్చకుండా కార్డు మొదటి అంతస్తులోనే వదిలేసిన విడి పాటలను యంత్రాలు తరచుగా ఒక ప్రత్యేక ఫోల్డరుగా పరిగణిస్తాయి. అందువలన విడి పాటలను కూడా ఏదో ఒక ఫోల్డరులో చేర్చడం మంచిది.

మాకింతోష్ కంప్యూటరు నుండి కాపీ చేసినపుడు ప్రతి పాటతో పాటు చుక్కతోను, క్రింది గీతతోను మొదలయ్యే ఒక చిన్న ఫైలు కార్డులో చేరవచ్చు. ఇది పాట కాకపోయినా దాని పేరు చివర అదే పొడిగింపు ఉంటుంది. అందువలన కొన్ని యంత్రాలు దానిని పాడబోయి ఆగిపోతాయి. ఇటువంటి ఫైళ్ళను తొలగించాలి.

పాట లోపలి వివరాలు

ఎం.పి.3 ఫైలులో పాట పేరు, గాయకుడు, ఆల్బము మొదలైన వివరాలను ఉంచే పద్ధతిని ఐ.డి.3 అంటారు. 1996 నాటి తొలి రూపం ఫైలు చివర 128 బైట్లలో ఇమిడి ఉంటుంది. అందులో పాట పేరుకు 30 బైట్లు మాత్రమే కేటాయించారు. 1998లో వచ్చిన రెండవ రూపంలో ఈ వివరాలను ఫైలు మొదట్లో ఉంచుతారు. ఇందులో నిడివికి అటువంటి ఇబ్బంది లేదు, యూనికోడ్ వాడే వీలు కూడా ఉంది.

తెలుగు సినిమా పాటలలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. కళాకారుని గడిలో కొందరు గాయకుని పేరు, కొందరు సంగీత దర్శకుని పేరు వ్రాస్తారు. కళాకారుల వారీగా చూపించే యంత్రంలో ఒకే సినిమా పాటలు నాలుగైదు చోట్ల చెదిరిపోతాయి. ఆల్బము పేరును అన్ని పాటలకు ఒకే విధంగా వ్రాసి, ఆల్బము వారీగా వెదకడం దీనికి మార్గం.

తెలుగు లిపి

ఎఫ్.ఏ.టి.లోని పొడవు పేర్లు యూనికోడ్‌లోనే ఉంటాయి కనుక ఫైళ్ళకు తెలుగు పేర్లు పెట్టవచ్చు. కాని వాటిని చూపడానికి యంత్రంలో తెలుగు ఫాంటు, గుణింతాలను ఒత్తులను కూర్చే ఏర్పాటు ఉండాలి. అవి లేనపుడు పేర్లకు బదులు గడులో, ప్రశ్నార్థకాలో కనిపిస్తాయి. మొదట తెలుగు పేరుతో ఒక్క పాటను కార్డులో ఉంచి పరీక్షిస్తే ఈ విషయం తెలుస్తుంది.

ఆంగ్ల లిపిలో వ్రాయవలసి వస్తే ఒకే పద్ధతిని పాటించాలి. 'త' అక్షరాన్ని ఒకరు 'టి'తో, మరొకరు 'టి', 'హెచ్'లతో వ్రాస్తారు. 'సీత'లోని దీర్ఘానికి కొందరు రెండు 'ఇ'లు, కొందరు ఒక 'ఐ' వాడతారు. యంత్రానికి ఇవి వేరువేరు పేర్లు. ఫలితంగా ఒకే గాయని పాటలు రెండు పేర్ల క్రింద చీలిపోతాయి. తెలుగు పేర్లు గల అసలు ప్రతిని కంప్యూటరులో ఉంచుకొని, కారుకు వేరొక ప్రతి తయారుచేసుకోవడం మేలు.

భద్రత

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే వాహనం సెకనుకు 22 మీటర్లు ప్రయాణిస్తుంది. పాట కోసం చోదకుడు రెండు సెకన్లు తెర వైపు చూస్తే వాహనం 44 మీటర్ల దూరం ముందుకు వెళుతుంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లో కారు పరికరాల తయారీదారులకు కొన్ని మార్గదర్శకాలను ఇచ్చింది. వాటి ప్రకారం ఏ పని కోసమైనా చోదకుని చూపు ఒక్కసారికి 2 సెకన్లు, మొత్తం మీద 12 సెకన్లు మించి రహదారి నుండి మళ్ళకూడదు. వందల పాటలున్న ఒకే ఫోల్డరులో ఒక పాటను వెదకడం ఈ పరిమితిలో సాధ్యం కాదు. ప్రయాణం నిడివికి సరిపడే పాటలను ముందుగానే ఒక ఫోల్డరులో వరుసగా పేర్చుకొంటే చోదకుడు యంత్రాన్ని తాకవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

ఇవి కూడా చూడండి

మెమరీ కార్డు
ఎం.పి.3
యూనికోడ్
పంచరత్న కీర్తనలు