పాత ఇంజెక్షన్ కార్లు: ఇంజెక్టర్లు, గాలిదారి భాగాలు తిరిగి అమర్చే విధానం

బరంపురం పొలిమేరలోని అంకులి మొదలు ఇచ్ఛాపురం దాకా సరిహద్దుకు ఇరువైపులా ఉన్న తెలుగు కుటుంబాలలో పాత పెట్రోలు కారు ఒక ఆస్తి. కొన్నవారు సూరత్‌లోనో హైదరాబాదులోనో పనిలో ఉంటారు. కారు మాత్రం ఊళ్లో పందిరి కింద నెలల తరబడి కదలకుండా నిలిచి ఉంటుంది. దసరాకో, పెళ్లికో వచ్చి తాళం తిప్పితే ఇంజను ఒక పట్టాన అందుకోదు. అందుకున్నా నిలకడగా ఆడదు. పెట్రోలు వాసన వేస్తుంది. ఇంజెక్టర్లు పోయాయి, మొత్తం సెట్టు మార్చాలన్న మాట తరచుగా వినవస్తుంది. నిజానికి అనేక సందర్భాలలో చెడినది ఇంజెక్టర్ కాదు, దానిని పట్టి ఉంచే చిన్న రబ్బరు రింగు, లేదా గాలిదారికి ఇంజనుకు నడుమనున్న గాస్కెట్. ఈ తేడా తెలిసిన కుటుంబానికి వేల రూపాయలు మిగులుతాయి. తెలియక రింగును నిర్లక్ష్యం చేస్తే కారుకు నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది.

ఇంజెక్షన్ పద్ధతి మన రోడ్ల మీద విస్తృతంగా కనిపించడం మొదలై పాతికేళ్లు. 2000 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా తొలి దశ కాలుష్య ప్రమాణాలు అమలులోకి రావడంతో కొత్త కార్లలో కార్బురేటర్లు తప్పుకోసాగాయి. మారుతి 800 లో ఎం.పి.ఎఫ్.ఐ. రకం ఆ సంవత్సరమే వచ్చింది. అసలైన స్పోర్ట్స్ కార్లు ఈ ప్రాంతంలో అరుదు. వేగానికి పేరుపడి, కుర్రకారు మోజుపడి కొన్నవి 1999 లో వచ్చిన ఫోర్డ్ ఐకాన్ 1.6, 2001 లో వచ్చిన ఫియట్ పాలియో 1.6 వంటివి. ఫోర్డ్ సంస్థ భారతదేశంలో కార్ల తయారీ ఆపివేస్తున్నట్లు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. ఫియట్ పేరిట కొత్త కార్లు అంతకు ముందే ఆగిపోయాయి. కనుక ఈ బళ్ల యజమానులు ఉన్న భాగాన్ని శుభ్రపరచి తిరిగి అమర్చుకోవడమే దారి. మాన్యువల్ దొరికితే దానిని కారు పత్రాలతో సమానంగా దాచుకోవాలి.

ఇంజెక్టర్ అనేది విద్యుత్తుతో తెరుచుకునే ఒక చిన్న కవాటం. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజనులో, వరుస పద్ధతిలో పనిచేసే ఒక్కొక్క ఇంజెక్టర్ సుమారు 1,500 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఇంజను నెమ్మదిగా ఆడుతున్నప్పుడు తెరిచి ఉండేది ప్రతిసారి సెకనులో వెయ్యో వంతులు రెండో మూడో మాత్రమే. పెట్రోలు దానికి రైలు అనే గొట్టం ద్వారా సుమారు 3 బార్ పీడనంతో అందుతుంది. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి కంటే ఇది ఎక్కువే. కార్బురేటర్ కాలంలో గొట్టం వదులైతే పెట్రోలు బొట్లుగా కారేది. ఇక్కడ తుంపరగా చిమ్ముతుంది. వేడి సైలెన్సర్ పక్కనే చిమ్ముతుంది కూడా. పాత పద్ధతిలో పని నేర్చిన మెకానిక్కులు సైతం ఒక్కోసారి మరచిపోయే విషయమిది.

రబ్బరు రింగులు చెడటానికి వయసు ఒక కారణం. పెట్రోలు మరొకటి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 లో అమ్మకానికి వచ్చి, 2025 నాటికి దేశమంతటా బంకులలో అదే సాధారణమైంది. పాతికేళ్ల నాటి కార్ల రబ్బరు ఈ మిశ్రమాన్ని దృష్టిలో ఉంచుకొని చేసినది కాదు. కొన్ని రకాలు ఉబ్బుతాయి, కొన్ని గట్టిపడి బీటలువారుతాయి. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. గోపాలపురం సముద్రపు గాలి తగిలే ఊళ్లలో సగం ఖాళీ ట్యాంకుతో కారును నెలల పాటు నిలిపితే అడుగున నీరు చేరే అవకాశముంది. నిలిచిన పెట్రోలు బంకగా మారి ఇంజెక్టర్ మొనను మూస్తుంది. కొత్త రింగులు కొనేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునే ఫ్లోరోకార్బన్ రబ్బరువి, విటాన్ అని దుకాణదారులు పిలిచేవి, అడిగి తీసుకోవడం మంచిది. నల్లగా గుండ్రంగా ఉన్నదల్లా ఒకటే రింగు కాదు.

పని ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత, ఆరుబయట చేయాలి. షెడ్డులో పొయ్యి, దీపం, బీడీ ఏవీ దరిదాపుల ఉండరాదు. నిప్పు ఆర్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి. ముందుగా రైలులోని పీడనం తగ్గించాలి. ఇందుకోసం పెట్రోలు పంపు ఫ్యూజు గాని రిలే గాని తీసివేసి, ఇంజను దానంతట అదే ఆగిపోయేదాకా నడపాలి. స్టార్ట్ కాని బండి అయితే రెండు మూడుసార్లు స్టార్టర్ తిప్పి వదలాలి. తరువాత బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. ఇంతచేసినా రైలులో కొంత పెట్రోలు మిగిలే ఉంటుంది కాబట్టి గొట్టం విప్పేచోట గుడ్డ చుట్టి, ముఖం పక్కకు పెట్టుకొని, నెమ్మదిగా వదులు చేయాలి.

ఎయిర్ ఫిల్టర్ పెట్టె, రబ్బరు నాళం, థ్రాటిల్ బాడీ వరుసగా విప్పుతూ ప్రతి సన్న గొట్టానికి, ప్రతి తీగకు కాగితపు చీటీ అంటించాలి. సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోవడం ఇంకా సులువు. ఇంజెక్టర్ల తీగలు ఒకదానికొకటి మారితే పెట్రోలు తప్పు సమయంలో పడి ఇంజను కుదుపుతో ఆడుతుంది. అప్పుడు లోపం ఎక్కడుందో వెతకడానికి ఒక పూట చాలదు.

ఇంజెక్టర్లను పైకి తీయడానికి ముందు వాటి చుట్టూ చేరిన ఇసుక, మట్టి, ఆకుల పొడి బ్రష్‌తో, గాలితో పోగొట్టాలి. ఒక్క ఇసుక రేణువు లోపల పడినా కవాటాన్నో పిస్టన్‌నో గీస్తుంది. రైలు బోల్టులు విప్పి, ఇంజెక్టర్లతో సహా దానిని నిటారుగా పైకి లాగాలి. బిగుసుకుపోతే అటూఇటూ స్వల్పంగా తిప్పాలి గాని స్క్రూడ్రైవర్‌తో ఎత్తకూడదు. తీసిన వెంటనే ఇంజను రంధ్రాలను శుభ్రమైన గుడ్డతో కప్పి, ఎన్ని గుడ్డలు పెట్టినదీ లెక్క రాసుకోవాలి. ఒక గుడ్డ లోపల మరచి మూసివేసిన ఇంజనుల ఉదంతాలు ఏ గ్యారేజీలో అడిగినా చెబుతారు.

సూదితోనో తీగతోనో ఇంజెక్టర్ మొన పొడవడం మన వైపు బాగా అలవాటైన తప్పు. పంపుసెట్టు నాజిల్ నాటి అలవాటు అది. రంధ్రం ఒక్కసారి పెద్దదైతే ఆ ఇంజెక్టర్ ఇక పనికిరాదు. తీగచుట్ట బాగుందో లేదో మల్టీమీటర్‌తో ఇంట్లోనే చూడవచ్చు. ఆ కాలపు కార్లలో ఎక్కువ వాటికి 12 నుంచి 16 ఓముల నిరోధం ఉంటుంది. ఒకటి మిగతావాటికి బాగా తేడాగా ఉంటే అనుమానించాలి. శుభ్రం చేయడానికి అల్ట్రాసోనిక్ తొట్టి, పరీక్షకు బెంచి ఉన్న పెద్ద ఊరి కార్ఖానాకు పంపడమే సరి. అక్కడ మూడు సంగతులు అడిగి తెలుసుకోవాలి: పీడనం పెట్టి వదిలినప్పుడు బొట్టు కారుతోందా, తుంపర సమంగా విచ్చుకుంటోందా, ఒకే సమయంలో గాజు గొట్టాలలో పడిన పెట్రోలు మట్టం అన్నింటిలో ఒకటిగా ఉందా. బొట్టు కారేదానిని చవకగా వస్తోందని తిరిగి పెట్టడం తగదు. కారిన పెట్రోలు సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను కడిగివేసి కిందికి దిగి, ఇంజను ఆయిల్‌ను పలుచన చేస్తుంది. ఆయిల్ పుల్ల తీసి వాసన చూస్తే పెట్రోలు తెలిసిపోతుంది. అటువంటప్పుడు ఇంజెక్టర్ పనితో పాటు ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కూడా మార్చవలసిందే.

తిరిగి అమర్చేటప్పుడు ప్రతి ఇంజెక్టర్‌కు పైన, కింద ఉన్న రబ్బరు రింగులు రెండూ కొత్తవే వేయాలి. పాతది చూడటానికి బాగున్నా సరే. రింగుకు శుభ్రమైన ఇంజను ఆయిల్ పలుచగా రాసి, నిటారుగా, కొద్దిగా తిప్పుతూ నొక్కాలి. ఆయిల్ లేకుండా బలవంతంగా దూర్చితే అంచు తెగుతుంది. ఆ తెగినది పైనుంచి కనబడదు.

ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పినట్లయితే గాస్కెట్ కూడా కొత్తదే. అల్యూమినియం ముఖం మీద అంటిన పాత ముక్కలను ప్లాస్టిక్ లేదా చెక్క పలకతో గీకాలి. ఇనుప ఉలి వాడితే గీతపడి ఆ గీత గుండా గాలి పీలుస్తుంది. కొలతకు రాని గాలి లోపలికి వస్తే ఇంజను ఆట ఎత్తుపల్లాలవుతుంది, పల్లానికి దిగినప్పుడు ఆగిపోతుంది. బోల్టులను మధ్య నుంచి అంచులకు, రెండు మూడు విడతలుగా, మాన్యువల్ చెప్పిన బిగువుకే బిగించాలి. అల్యూమినియంలో మర పోయిన బోల్టు ఖర్చు గాస్కెట్ ఖర్చుకు ఎన్నో రెట్లు.

అన్నీ కలిపిన తరువాత వెంటనే స్టార్ట్ చేయరాదు. ఫ్యూజు పెట్టి, బ్యాటరీ తగిలించి, తాళం ఆన్ చేసి కొన్ని క్షణాలు ఆగి ఆఫ్ చేయాలి. ఈ విధంగా మూడు నాలుగుసార్లు చేస్తే పంపు రైలును నింపుతుంది. అప్పుడు టార్చి వెలుగులో ప్రతి రింగు చుట్టూ, గొట్టం కొస చుట్టూ తడి ఉందేమో చూడాలి, వేలితో తాకి చూడాలి. తడి ఉంటే మళ్లీ పీడనం తగ్గించి మొదటి నుంచి చేయవలసిందే, బోల్టు ఇంకొంచెం బిగిస్తే ఆగుతుందనుకోవడం పొరపాటు. తడి లేనప్పుడు స్టార్ట్ చేసి, ఇంజను ఆడుతుండగా మానిఫోల్డ్ అతుకుల మీద స్ప్రే సీసాతో మంచినీళ్లు సన్నగా చల్లాలి. తీగల కొసల మీద పడకుండా చూసుకోవాలి. ఎక్కడ చల్లినప్పుడు ఇంజను ధ్వని మారుతుందో గాలి అక్కడ పీలుస్తున్నట్లు. ఇదే పరీక్షకు కొందరు కార్బురేటర్ క్లీనర్ వాడతారు. అది మండే పదార్థం, వేడెక్కిన సైలెన్సర్ దగ్గర వాడవలసినది కాదు.

బ్యాటరీ విప్పినందున కంప్యూటర్ నేర్చుకున్న లెక్కలు చెరిగిపోయి, మొదటి కొద్ది కిలోమీటర్లు ఆట కాస్త తేడాగా ఉండవచ్చు. దీనికి కంగారుపడనక్కరలేదు. రెండు మూడు రోజులు నడిపాక కూడా సర్దుకోకపోతే తీగల కొసలను మళ్లీ విప్పి చూడాలి. ఉప్పుగాలికి వాటి పిన్నుల మీద పచ్చని చిలుము పడుతుంది, నిలిపి ఉంచిన కార్లలో తీగ తొడుగును ఎలుకలు కొరికి ఉంటాయి.