బాస్తోయ్ ద్వీపం: దయ పేరిట చెర

1915 ఏప్రిల్ నెలలో నార్వే దేశంలో బాలల చట్టాలు వెలువడ్డాయి. పెళ్లి కాని తల్లికి పుట్టిన బిడ్డకు సైతం తండ్రి యింటిపేరూ, ఆస్తిలో వాటా చెందుతాయని అవి శాసించాయి. యోహాన్ కాస్ట్‌బెర్గ్ ఏళ్ల తరబడి సాగించిన కృషికి ఫలితమది. ఆ తరవాత రెండు నెలలు తిరక్కముందే, మే నెలలో, అదే రాజ్యం ఓస్లో అఖాతంలోని బాస్తోయ్ ద్వీపానికి సైన్యాన్ని పంపింది. అక్కడి బాలనేరస్థుల పాఠశాలలో తిరగబడ్డ పిల్లలను అణచివేయడానికి!

యీ రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడనిదే బాస్తోయ్ కథ అర్థం కాదు.

2010లో మారియస్ హోల్స్ట్ దర్శకత్వంలో వచ్చిన ‘బాస్తోయ్ రాజు’ చిత్రానికి యీ తిరుగుబాటే ఇతివృత్తం. తిమింగలాల వేట ఓడమీద పనిచేసిన ఎర్లింగ్ అనే కుర్రవాణ్ణి ద్వీపానికి తెస్తారు. పేరు తీసేసి ‘సి-19’ అని అంకె తగిలిస్తారు. బ్రోతెన్ అనే పర్యవేక్షకుడి అత్యాచారానికి గురైన ఈవార్ నీళ్లలో మునిగి ప్రాణం తీసుకుంటాడు. వెళ్లిపోయాడనుకున్న బ్రోతెన్ మళ్లీ ప్రత్యక్షం కావడంతో పిల్లల ఆగ్రహం కట్టలు తెంచుకుంటుంది.

పేరు పోయి అంకె మిగలడం, చదువు పేరిట వెట్టిచాకిరీ జరగడం, సంస్థ పరువు కోసం నిజాన్ని పాతిపెట్టడం: వీటిని చిత్రం నిర్మొహమాటంగా చూపింది. స్టెల్లన్ స్కార్స్‌గార్డ్ ధరించిన అధికారి పాత్ర రాక్షసుడు కాడు. తాను పిల్లలకు మేలు చేస్తున్నానని నమ్మే పెద్దమనిషి. చిత్రంలోని గొప్ప పరిశీలన యిదే.

ఐతే కథ నడిచేకొద్దీ భారమంతా బ్రోతెన్ దుర్మార్గంమీద పడుతుంది. చరిత్రలో వసంతకాలంలో జరిగిన తిరుగుబాటును మంచుగడ్డల నడుమకు మార్చడంవల్ల క్రౌర్యం ప్రకృతిలోనే ఉన్నదన్న భ్రమ కూడా కలుగుతుంది. క్రౌర్యం ప్రకృతిలో లేదు, ఒక్క మనిషిలోనూ లేదు. అది చట్టంలో ఉంది.

నిర్లక్ష్యానికి గురైన పిల్లల కోసం నార్వే 1896లో ఒక శాసనం చేసింది. 1900లో అది అమలులోకి వచ్చింది. బాస్తోయ్ పాఠశాల తెరుచుకున్నదీ ఆ సంవత్సరమే. న్యాయాధికారి, మతాచార్యుడు, స్థానికంగా ఎన్నికైన సభ్యులు కూర్చున్న మండలి పిల్లలను ఇల్లు విడిపించి ఇలాంటి సంస్థలకు పంపవచ్చు. జైలుకు పంపకుండా కాపాడడమే దాని ఉద్దేశమన్నారు. ఆ ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని ఆ మండలి ముందుకు ఎవరి పిల్లలు వచ్చారు? బడికి పంపే స్తోమత లేనివాళ్ల పిల్లలు, కూలికి పోయిన తల్లుల పిల్లలు. పేదరికాన్ని రూపుమాపలేని పాలకవర్గం పేదవాడి బిడ్డను సంస్కరించడానికి పూనుకుంది.

ఒక్క దుష్టుడే కారణమైతే అతడు పోగానే సంస్థ బాగుపడవలసింది. బాస్తోయ్ పాఠశాల మాత్రం తిరుగుబాటు తరవాత మరో 55 ఏళ్లు, 1970 వరకూ, నడిచింది. దాన్ని 1953లో ప్రభుత్వమే స్వయంగా చేపట్టింది.

చట్టపుస్తకంలో బిడ్డకు హక్కు రాసినంత మాత్రాన సరిపోదు. ఆ బిడ్డ నోరువిప్పి ‘అన్యాయం’ అన్న రోజున రాజ్యం ఏం పంపుతుంది, విచారణసంఘాన్నా, తుపాకులనా? 1915లో నార్వే యిచ్చిన జవాబు మనకు తెలుసు. ప్రతి ప్రజాస్వామ్యాన్నీ అడగవలసిన ప్రశ్న అది.